తువ్వాలు మీద తెల్లచార

ఆ ఉదయం ఆకాశం తడిసిన అట్టపెట్టెలా ఉంది. మధ్యలో నానిపోయి, అంచుల్లో ఇంకా పొడిగా, ఏ క్షణాన అడుగు ఊడిపోతుందో తెలియనట్టుగా. కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. కాటాయన మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగి కిటికీలోంచి దానివైపు చూశాడు. మనుషుల్నే నమ్మనివాడు ఆకాశాన్ని నమ్ముతాడా? గొడుగు చంకలో పెట్టుకునే వచ్చాడు.

పై అంతస్తులో చెప్పులు విడిచే చోట ఎప్పటిలాగే తనవి అందరివాటికీ దూరంగా, ముందు భాగం గోడకి ఆనేట్టు పెట్టాడు. ఎవరైనా పొరపాటున కాలు దూర్చినా తెలిసిపోవాలి. చేతిసంచీలోంచి నీలం తువ్వాలు తీశాడు, నీళ్ళసీసా తీశాడు, సీసా మూత బిగించి ఉందో లేదో తలకిందులు చేసి చూశాడు. వెనకాలే అక్క మోకాళ్ళ మీద చేతులానించుకుంటూ మెట్లెక్కి వచ్చి, వరండాలో బల్ల మీద కూలబడింది.

"ఇవాళ నిన్ను ముందు వరసలో నిలబెడతారట కదరా," అంది ఆయాసం తీర్చుకుంటూ.

"అట."

"అట ఏంటి? నిన్న పంతులమ్మ నోటితో చెప్పింది కదా."

"నోటితో ఎన్నైనా చెప్తారు," అని కాటాయన లోపలికి వెళ్ళాడు.

పాత కాగితాలూ అట్టలూ కొనే గోడౌన్‌లో ఆయన తూకం మనిషి. కాటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు కాబట్టి అందరికీ కాటాయనే. పెళ్ళికి ముందు కూర్చున్న ఆ కుర్చీలోనే, కూతురు మందులషాపులో ఉద్యోగానికి వెళ్ళే నాటికీ కూర్చుని ఉన్నాడు. ఈలోగా భార్య పోయింది, జుట్టు పోయింది, కుర్చీకి ఒక కాలు మార్చారు. కాగితాల కట్టలు తెచ్చేవాళ్ళు బరువు తూగాలని మధ్యలో నీళ్ళు కొడతారు. పైన పొడిగా ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. కాటాయన ముల్లు వైపు చూడకముందే కట్టలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చేవాడు. కళ్ళు మూసుకుని, లోపల వేళ్ళు విప్పి, కాసేపు అలాగే ఉండేవాడు. తర్వాత "నీళ్ళు!" అని గోడౌన్ ఆ చివరిదాకా వినబడేట్టు అరిచేవాడు. అమ్మడానికి వచ్చినవాళ్ళు తలవంచుకుని కట్ట దింపుకునేవాళ్ళు.

ఆ చెయ్యి దూర్చే అలవాటు గోడౌన్‌లో ఆగలేదు. ఇంటికొచ్చిన చుట్టాల పలకరింపులోకీ, కూతురు నవ్వులోకీ, ఆస్పత్రిలో నర్సు "బాగున్నారు తాతగారూ" అన్న మాటలోకీ దూరేది. అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట ఆయన వేళ్ళకి తడి తగిలేది.

పోయిన చలికాలంలో ఆయనకి నిమ్ము చేసింది. ఏళ్ళ తరబడి పీల్చిన కాగితం దుమ్ము వల్ల ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నాయన్నారు. బతకడేమో అన్న మాట ఆయన చెవిన పడనివ్వలేదు గానీ, ఆ మాట వార్డులో ఏదో మంచం కింద దాక్కుని ఉందని ఆయన పసిగట్టాడు. ఇంటికి వచ్చేసరికి చొక్కా మనిషికి తొడిగినట్టు లేదు, కొయ్యకి తగిలించినట్టుంది. అన్నం ముద్ద నమిలితే ఆయాసం. అప్పుడే అక్క సంచీ పట్టుకుని దిగింది, తన ఇంటినీ మొగుణ్ణీ గాలికొదిలేసి.

ఎందుకొచ్చింది? కాటాయన మంచంలో పడుకుని అదే ఆలోచించేవాడు. తమ్ముడంటే ప్రేమ ఉండొచ్చు. కానీ ఉత్త ప్రేమ ఇంత బరువు తూగదు. లోపల ఇంకేదో ఉండాలి.

ఆస్పత్రిలో కసరత్తు నేర్పే అమ్మాయి, ఒళ్ళు తేలికగా సాగదీస్తూ ఊపిరి పెంచుకోమంది. అక్క బజారులో ఈ వేడిగది బోర్డు చూసింది, డాక్టర్ని అడిగింది, నెమ్మదిగా మొదలుపెడితే పర్వాలేదనిపించుకుంది. గది వేడిచేసి, తలుపులు మూసి, అందులో ఆసనాలు వేయిస్తారని విని కాటాయన ముందు నమ్మలేదు.

"డబ్బులిచ్చి చెమట పట్టించుకోవడమేంటే? గోడౌన్ రేకుల కింద ఊరికే పడుతుంది."

"గోడౌన్‌లో పట్టిన చెమటకే కదా ఆస్పత్రి పాలయ్యావు. నోరు మూసుకుని పద," అంది అక్క.

పంతులమ్మ, అంటే ఆసనాలు నేర్పే ఆవిడ, మొదటిరోజే కొత్తవాళ్ళందరికీ ఒక మాట చెప్పింది. చెమట పట్టకుండా ఒళ్ళు కాలుతుంటే దాచకూడదు, లేచి బయటికి వెళ్ళి కూర్చోవాలి. చెమట చక్కగా పట్టి, ఊపిరి నిలకడగా ఉన్నవాళ్ళనే ఒక్కో వరస ముందుకి జరుపుతుంది. అందరూ తలలూపారు. కాటాయన కూడా ఊపాడు. ఊపుతూనే దాచడం మొదలుపెట్టాడు.

ఎందుకంటే ఆయనకి చెమట పట్టలేదు. తలుపు పక్కన చాప పరిచి పడుకోబెట్టారు. గడ్డం కింద వేళ్ళు పెనవేసి, మోచేతులు రెక్కల్లా లేపుతూ ఊపిరి పీల్చమంటే, సగంలో ఎవరో గొంతు మీద కాలేసినట్టు దగ్గొచ్చేది. చుట్టూ అందరి వీపుల మీదా నీళ్ళు ధారలు కడుతుంటే, ఆయన ఒళ్ళు మాత్రం పొయ్యి మీద పెట్టి మరిచిన ఖాళీ గిన్నెలా ఉండేది. బయటికి వచ్చేసరికి వరండాలో అక్క లేచి నిలబడేది.

"చెమట పట్టిందా?"

"లేదు."

అక్క ముఖం ఎలా వాడిపోయేదంటే, ఆయనకి తన జబ్బుకంటే ఆ ముఖమే భయం పుట్టించేది. లేదు లేదంటూ పోతే వీళ్ళు ఇంటికి పంపేస్తారు. ఇంట్లో మంచం. అవతల గోడౌన్‌లో ఓనరు బావమరిది తన కుర్చీలో కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. ఆ కుర్చీ పోతే తాను కాటాయన కాదు. ఇంకెవరో ఆయనకి తెలియదు.

అందుకని ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో, ఎవరూ చూడకుండా, తువ్వాలు కుళాయి కింద పెట్టాడు. పిండి, దులిపి, మెడ చుట్టూ వేసుకుని బయటికి వచ్చాడు. "పట్టిందే!" అంది అక్క. ఆవిడ కళ్ళు మెరిశాయి. కాగితాలకి నీళ్ళు కొట్టేవాళ్ళని జీవితమంతా పట్టుకున్న మనిషి, తువ్వాలుకి నీళ్ళు కొట్టి ఇంటికి నడిచాడు. ఆ రాత్రి ఆయన కుడిచేతి వేళ్ళు చాలాసేపు చల్లగా ఉండిపోయాయి.

కొన్నాళ్ళు అలా నడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం దండెం మీద ఆరిన తువ్వాలు తీయబోయి ఆగిపోయాడు. నీలం గుడ్డ మీద, అంచుల వెంట, తెల్లగా ఒక చార. చుట్టూ చూసి, గుడ్డ నోటికి తగిలించాడు. ఉప్పు. కుళాయి నీళ్ళు ఆరితే చార కట్టవు. అంటే, తాను తడిపిన నీళ్ళలో తనకి తెలియకుండా చెమట కూడా కలిసిందన్నమాట. ఒళ్ళు లోలోపల మేలుకుంటోందన్నమాట. ఆ మర్నాడు మెట్లు ఆగకుండా ఎక్కాడు.

అక్కణ్ణించి ఒకటొకటిగా సాగింది. గోడ పట్టుకుని నడుము పక్కకి వంచడం. గోడ వదిలేసి వంచడం. మోకాళ్ళు వణుకుతున్నా కూర్చోకపోవడం. కళ్ళు తిరిగినప్పుడు భయపడకుండా పడుకుని, తగ్గాక లేవడం. కుళాయి దగ్గరికి వెళ్ళడం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు. ఒక వరస ముందుకి, ఇంకో వరస ముందుకి జరిపారు. జరిపిన ప్రతిసారీ, ఎందుకు జరిపారా అని పంతులమ్మ ముఖంలోకి తేరిపార చూశాడు. ఆవిడ ముఖం శుభ్రంగా, పొడిగా ఉండేది. అదే ఆయనకి నచ్చలేదు.

ఈ రోజు ముందు వరస.

తలుపు తీయగానే వేడి ఎదురొచ్చి ముఖాన్ని తడిమింది. ముందు గోడంతా అద్దం. వెనకున్నన్నాళ్ళూ పరాయివాళ్ళ వీపుల సందుల్లోంచి తన చెవో భుజమో కనిపించేది. ఇప్పుడు మనిషంతా ఎదురుగా ఉన్నాడు. లెక్కకు అందే పక్కటెముకలు, బొడ్డు కిందికి జారిన నిక్కరు, ఎండుకట్టెల్లాంటి కాళ్ళ మీద కొత్తగా మొలిచినట్టున్న పిక్కలు. అద్దంలో మనిషి కూడా ఈయన్ని అనుమానంగానే చూశాడు.

పక్క చాప మీద, బ్యాంకులో పనిచేసే ఆవిడ ఓరగా చూసి, "కొత్తగా వచ్చారా ఇటు? పడితే అటువైపు పడండి బాబూ. నా నడుము అసలే మంచిది కాదు," అంది.

"మీరు పడితే?"

"నేను పడితే మీరు తప్పుకోలేరు లెండి."

ఆయనకి నవ్వొచ్చింది గానీ ఊపిరి కోసం దాచుకున్నాడు.

ఊపిరి తీయడంతో మొదలైంది. మోచేతులు చెవులదాకా లేచాయి, గొంతు మీద ఎవరూ కాలెయ్యలేదు. పక్కకి వంగారు, వెనక్కి వంగారు. తర్వాత ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆ కాలు తిన్నగా ముందుకి చాచి, నుదురు మోకాలికి ఆనించాలి. ఇన్ని నెలలూ పాదం పట్టుకోవడం దగ్గరే ఆగిపోయేవాడు. ఇవాళ కాలు చాచాడు. నిలబడ్డ మోకాలు కొయ్యబారింది. వంగాడు. ముక్కు కొసన ఒక చుక్క వేలాడి, ఊగి, చాప మీద పడింది. వెనకే ఇంకోటి. కాటాయన ఆ చుక్కల్నే చూస్తూ ఉండిపోయాడు. ఇందాక సీసా ఎత్తి తాగినప్పుడు జుట్టులోకి పోయిన నీళ్ళు కావు కదా? అంతలోనే తనకి జుట్టు లేదని గుర్తొచ్చింది.

చివర్లో ఒంటె ఆసనం. మోకాళ్ళ మీద నిలబడి, వెనక్కి విరుచుకుని, చేతులతో మడమలు పట్టుకోవడం. ఛాతీ విచ్చుకుంటుందిగానీ లోపల ఏదో ఏడుపులాంటిది కదులుతుంది, అందుకే ఎప్పుడూ తప్పించుకునేవాడు. ముందు వరసలో తప్పించుకోవడానికి అడ్డం ఎవరూ లేరు. విరుచుకున్నాడు. గది తలకిందులైంది. వెనక గోడ, తలుపు, తాను నెలల తరబడి పడుకున్న చోటు కనిపించాయి. ఆ చోటుకి సరిగ్గా పైన ఒక చిన్న వెంటిలేటర్ ఉంది. దాని రెక్క మూసుకుపోకుండా, నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క ఒకటి దోపి ఉంది. గదిలో మిగతా వెంటిలేటర్లన్నీ బిగించి ఉన్నాయి.

లేచేసరికి గుండె గబగబా కొట్టుకుంటోంది. ఆసనానికో, అట్టముక్కకో తెలియలేదు. మొదట్లో తన చాప దగ్గర వేడి తక్కువగా ఉందేమోనని గోడ మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. అది వట్టి అనుమానం కాదన్నమాట.

బట్టలు మార్చుకుని వరండాలోకి వస్తుంటే పంతులమ్మ గొంతు వినిపించింది. అక్కతో, మెల్లగా, "మీరు చెప్పినట్టే చేశాను కదండీ. ఇంక ధైర్యంగా వెళ్ళిరండి," అంటోంది. ఆయన్ని చూసి ఇద్దరూ నవ్వారు. ఒకే రకం నవ్వు.

కాటాయన తడి తువ్వాలు చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. కుళాయి దగ్గరికి వెళ్ళని తువ్వాలే. కానీ ఆ మాట మాత్రం కాగితాల కట్టలా ఆయన ఎదురుగా వచ్చి పడింది. చెయ్యి దూర్చాడు. లోపలంతా పచ్చి. అక్క ఏం చెప్పింది? పాపం మావాణ్ణి ముందు వరసలో ఒకసారి నిలబెట్టండి, సంబరపడతాడు అని చెప్పిందా? అంటే తాను కోలుకోలేదా? అందరూ కలిసి ఆడుతున్నారా?

అక్క సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతుంది. ఆవిణ్ణి ఇంటికి పంపి, తాను గోడౌన్‌కి నడిచాడు. ఓనరు రమ్మని కబురు చేశాడు. బరువు ఎత్తగలడో లేదో చూసి కుర్చీ సంగతి తేలుస్తానన్నాడు.

ఓనరు ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, "ఏం కాటాయనా, ఫ్యాను వేస్తే ఎగిరిపోవు కదా?" అన్నాడు.

"ఎగిరినా కాటా మీదే పడతాను. నా బరువూ తెలుస్తుంది."

బావమరిది కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. అప్పుడే కాగితాలు ఏరి అమ్మే ముసలావిడ ఒకామె కట్ట తెచ్చి కాటా మీద దింపింది. కాటాయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతిదాకా దూర్చి, కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళకి చల్లగా, మెత్తగా తగిలింది. నీళ్ళు. అరవడానికి నోరు తెరుచుకుంది. ఓనరు చూస్తున్నాడు. ఇదొక్కటి అరిస్తే చాలు, కుర్చీ తనది. సంచీలో చుట్టిన తువ్వాలు భుజానికి బరువుగా తగిలింది. ముసలావిడ అప్పటికే పోట్లాటకి కొంగు దోపినట్టు నిలబడి ఉంది.

"ఎండలో విప్పి ఆరబెట్టి తీసుకురామ్మా," అన్నాడు ఆవిడకి మాత్రమే వినబడేట్టు.

"ఏమైంది?" అన్నాడు ఓనరు.

"తాడు వదులుగా ఉంది. బిగించి తెస్తుంది."

కాటా దగ్గర ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. కట్టని రెండు చేతులా ఎత్తి కిందికి దింపాడు. తడి కట్ట, పొడి దానికంటే బరువు. ఊపిరి నిలిచింది. నడుము నిలిచింది. ఓనరు తల పంకించి, "రేపు పొద్దున వచ్చేయ్. కుర్చీ తుడిపిస్తాను," అన్నాడు.

"అమ్మయ్య," అన్నాడు బావమరిది, పుల్ల చెవిలోంచి తీసి. "ఈ దుమ్ములో నేనుండలేను బావా."

కాటాయన వెళ్ళబోతూ ఆగాడు. "మా అక్క ఇక్కడికి గానీ వచ్చిందా?"

"మీ అక్కా? నీకో అక్క ఉందా?" అన్నాడు ఓనరు. నిజంలాగే ఉంది. కానీ ఓనరు అబద్ధం ఆడినా అంతే నిజంలా ఉంటుంది.

బస్టాండుకి అక్క సంచీ తానే మోశాడు. చేతికి తీసుకోగానే తెలిసింది, వచ్చిన రోజుకంటే తేలిగ్గా ఉంది. ఏదో ఒకటి పట్టుకుపోతుందేమో అని తాను అనుమానించిన మనిషి సంచీ తేలికైంది. ఏం వదిలేసి వెళుతోంది? బస్సు కదలడానికి ఇంకా టైముంది. అక్క కిటికీ పక్కన కూర్చుంది. కింద నిలబడి, ఇంక ఆగలేక అడిగేశాడు.

"పంతులమ్మకి నువ్వేం చెప్పావు?"

"నీకు చెమట పట్టట్లేదని చెప్పాను. గాలి తగిలే చోట పడుకోబెట్టమన్నాను. నిజంగా పట్టేదాకా ఒక్క ఆసనం కూడా పెంచొద్దన్నాను. నువ్వు పడుకునే చోటుకి పైన వెంటిలేటర్‌లో అట్ట నేనే దోపాను. మీ గోడౌన్‌దే."

"పట్టట్లేదని నీకెవరు చెప్పారు?"

"నీ చిన్నప్పట్నుంచీ నీ బట్టలు పిండుతున్నానురా నేను. ఒకళ్ళు చెప్పాలా?"

కాటాయన ముఖం కందిపోయింది. మరి ఆ తెల్లచార సంగతి? అడగబోయాడు. డ్రైవరు ఎక్కి తలుపు దబీమని వేశాడు.

"అంతేనా?" అన్నాడు, కిటికీ చువ్వ పట్టుకుని.

"అంతే. ఇంట్లో మీ బావ మొక్కలన్నీ ఎండగట్టి ఉంటాడు. నీ కూతుర్ని వేళకి తినమను," అంది అక్క. చువ్వ మీది ఆయన వేళ్ళని ఒకసారి నొక్కి, బస్సు కదులుతుంటే ఒక్కొక్కటే విడదీసింది.

బస్సు మలుపు తిరగ్గానే ఆకాశం అడుగు ఊడింది. కాటాయన గొడుగు విప్పడం మరిచి, చంకలో పెట్టుకునే నడిచాడు.

ఇంట్లో ఎవరూ లేరు. కూతురు ఇంకా షాపు నుంచి రాలేదు. పొద్దుటి తువ్వాలు సంచీలోంచి తీశాడు. ఎప్పుడూ అక్కే అందుకుని స్నానాలగదిలోకి పట్టుకెళ్ళేది, ఆయన్ని అటు రానిచ్చేది కాదు. ఇప్పుడు తనే వెళ్ళి, బకెట్ పెట్టి, సబ్బుపొడి డబ్బా కోసం మూలకి చెయ్యి చాచాడు. డబ్బా వెనక ఏదో తగిలింది. చిన్న గాజుసీసా. మూత తుప్పు పట్టింది. లోపల తెల్లగా ఉంది. బట్టల సోడా అనుకుని మూత తిప్పి, వేలికి అంటించి, నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

కాటాయన బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కుళాయి నీళ్ళు ఆరితే చార కట్టవు. అక్క ఉప్పునీళ్ళలో ముంచి ఆరేసింది. తాను ఆవిణ్ణి మోసం చేస్తుంటే, ఆవిడ తనకి ఆశ పెట్టింది. ఒళ్ళు మేలుకుందనుకున్న రోజు ఒళ్ళు మేలుకోలేదు. ఆగకుండా మెట్లెక్కింది ఈ సీసాలో ఉప్పు. మరి మిగతాది? ముందు వరస, పొద్దున ముక్కు కొసన చుక్క, గోడౌన్‌లో దింపిన కట్ట? "నీళ్ళు!" అని అరవాలనిపించింది. వినడానికి అక్క లేదు.

అలవాటు చొప్పున చెయ్యి సీసాలోకే వెళ్ళింది. లోపల ఒక చెంచా ఉంది. పట్టుకుని లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. సీసా మొత్తం చెంచాతో పాటు గాల్లోకి లేచింది. ఉప్పు చెమ్మ లాక్కుని రాయిలా గడ్డకట్టి, చెంచాని కరిచి పట్టుకుంది. తుప్పుపట్టిన మూత కింద సీసా అంచు చుట్టూ ఎర్రటి వలయం. సీసా తీసిన చోట, మూలలో, తెగిన సాలెగూడు వేలాడుతోంది. సాలెపురుగు అంత తీరిగ్గా కట్టిందంటే, ఎన్ని వారాలుగానో ఈ చెంచాని ఎవరూ కదపలేదు.

లేచి వరండాలోకి వెళ్ళాడు. దండెం మీద నిన్నటి తువ్వాలు ఉంది, అక్క ఉతక్కుండానే ఆరేసిన గులాబీ రంగుది. చూరు కింద కాబట్టి వాన తగల్లేదు. ఆరి, అట్టలా బిగిసి ఉంది. అంచుల వెంట తెల్లచార. నాలుక తగిలించాడు. ఉప్పు. సీసాలోది కాదు, తన ఒంటిదే.

కూతురు తడిసి వచ్చింది. "అత్త ఏడ్చిందా నాన్నా?" అంది తల తుడుచుకుంటూ.

"లేదు."

"నువ్వు?"

"వాన," అన్నాడు.

అక్క పొద్దున్నే వండి మూతపెట్టి వెళ్ళినవి కూతురు వెచ్చచేసి బల్ల మీద పెట్టింది. కాటాయన స్నానాలగదిలోంచి సీసా తెచ్చి, రెండు పళ్ళాల మధ్య పెట్టాడు. కూతురు చెయ్యి గరిట మీద ఆగింది. సీసా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఏమీ అడగకుండా అన్నం వడ్డించింది. ఆమెకి తెలుసని ఆయనకి అర్థమైంది. ఈసారి ఆ సంగతిలోకి చెయ్యి దూర్చలేదు.

బయట వాన జోరందుకుంది. ఇద్దరూ తిన్నారు. కూరలో ఉప్పు సరిపోయింది. వాళ్ళిద్దరి మధ్య అక్క సీసా, గడ్డకట్టిన ఉప్పులో చెంచా నిటారుగా నిలబడి ఉంది.